మూజువాణి ఓటుపై కోర్టుకు వెళ్లవచ్చా?
చట్టం చేసిన తీరుపై న్యాయసమీక్షకు హద్దులెక్కడ.. పటేల్, పట్వారీల రద్దు నుంచి బీసీ రిజర్వేషన్ల దాకా

నకిరేకల్: 2025 అక్టోబరు 9. స్థానిక సంస్థల ఎన్నికలకు నకిరేకల్ నియోజకవర్గంలోని పల్లెలు సమాయత్తమవుతున్న వేళ హైకోర్టు ఉత్తర్వు వెలువడింది. బీసీలకు 42 శాతం స్థానాలు కేటాయిస్తూ ప్రభుత్వం జారీచేసిన జీవో అమలు నిలిచిపోయింది. రిజర్వేషన్ జాబితాలో తమ ఊరి పేరు చూసుకుని పోటీకి సిద్ధమైన ఆశావహులు నిరాశకు గురయ్యారు. పార్టీలన్నీ మద్దతు పలికి శాసనసభ ఆమోదించిన దానిని న్యాయస్థానం ఎలా ఆపగలదన్న ప్రశ్న రచ్చబండల దగ్గర వినిపించింది.

అంతకు పదకొండేళ్ల ముందు దీనికి పూర్తిగా విరుద్ధమైన ప్రశ్న కోస్తా, రాయలసీమ జిల్లాల్లో వినిపించింది. లోక్‌సభలో గందరగోళం చెలరేగి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సమయంలో మూజువాణి ఓటుతో ఆమోదం పొందిన రాష్ట్ర విభజన బిల్లును న్యాయస్థానం ఎందుకు ఆపలేదన్నది నాటి ప్రశ్న.

ఒకచోట సభ అంతా ఒక్కమాటపై ఉన్నా అమలు ఆగింది. మరోచోట సభ అట్టుడికినా చట్టం నిలిచింది. పైకి పొంతన లేనట్లు కనిపించే ఈ రెండింటికీ సమాధానం మన రాజ్యాంగంలో ఒకేచోట దొరుకుతుంది. చట్టసభ తన ఇంటి పద్ధతిని పాటించిందా లేదా అన్నది న్యాయస్థానం సాధారణంగా చూడదు. రాజ్యాంగం విధించిన మెట్టును ఎక్కిందా లేదా, చేసిన చట్టం రాజ్యాంగానికి లోబడి ఉందా లేదా అన్నది తప్పక చూస్తుంది.

గడప ఇవతల.. గడప అవతల

రాజ్యాంగం 13వ అధికరణ ప్రకారం ప్రాథమిక హక్కులకు భంగకరమైన చట్టం ఆ మేరకు చెల్లదు. 246వ అధికరణ, ఏడో షెడ్యూలు పార్లమెంటుకు, రాష్ట్ర శాసనసభలకు అధికారాలను పంచిపెట్టాయి. తన పరిధిలో లేని అంశంపై సభ చట్టం చేస్తే అదీ చెల్లదు. 32వ అధికరణ కింద సుప్రీంకోర్టు, 226వ అధికరణ కింద హైకోర్టు ఈ పరిశీలన జరుపుతాయి. దీనినే న్యాయసమీక్ష అంటున్నారు. ఇది చట్టంలో ఏముందో చూసే పరీక్ష.

చట్టాన్ని ఎలా చేశారన్నది వేరే సంగతి. దీనికి 212వ అధికరణ అడ్డుగోడ కట్టింది. కార్యక్రమ పద్ధతిలో లోపం జరిగిందన్న ఆరోపణపై రాష్ట్ర శాసనసభ వ్యవహారాల చెల్లుబాటును ప్రశ్నించరాదని అది నిర్దేశిస్తోంది. సభను క్రమపద్ధతిలో నడిపేందుకు తమకున్న అధికారాలను వినియోగించిన విషయంలో సభాపతి, ఇతర సభ్యులు ఏ న్యాయస్థానం పరిధిలోకీ రారని కూడా చెబుతోంది. పార్లమెంటుకు ఇదే రక్షణను 122వ అధికరణ కల్పించింది.

ఉదాహరణకు బిల్లు ప్రతిని సభ్యులకు ఆలస్యంగా ఇచ్చారనుకుందాం. చర్చకు కేటాయించిన సమయం చాలలేదనుకుందాం. సభ్యులు ఓట్ల లెక్కింపు కోరగా సభాపతి మూజువాణితోనే సరిపెట్టారనుకుందాం. ఇవన్నీ సభా నియమావళికి సంబంధించిన అంశాలు. వీటిపై అభ్యంతరం చెప్పాల్సింది సభలోనే. నియమావళి సభ తనకు తాను రాసుకున్నది, అవసరమైతే పక్కన పెట్టుకునే వెసులుబాటు కూడా సభకే ఉంది. ప్రజలు ఎన్నుకున్న సభపై న్యాయమూర్తులు పెత్తనం చేయరాదన్నదే ఈ రక్షణ వెనుక ఉద్దేశం.

అయితే ఈ గోడకు ఒక తలుపు ఉంది. 1964లో ఉత్తరప్రదేశ్ శాసనసభకు, అలహాబాద్ హైకోర్టుకు మధ్య తీవ్ర వివాదం తలెత్తింది. సభా ధిక్కారం కింద జైలుపాలైన కేశవ్‌సింగ్‌కు హైకోర్టు బెయిలు ఇవ్వగా, ఆ న్యాయమూర్తులనే తమ ఎదుట హాజరుపరచాలని సభ తీర్మానించింది. రాష్ట్రపతి సలహా కోరడంతో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. పద్ధతిలో లోపం జరిగితే ప్రశ్నించరాదు గానీ, జరిగినది చట్టవిరుద్ధం లేదా రాజ్యాంగ విరుద్ధం అయితే న్యాయస్థానం పరిశీలించవచ్చునని సుప్రీంకోర్టు అప్పుడు తేడా చూపింది. ప్రశ్నలకు డబ్బు తీసుకున్న వ్యవహారంలో ఎంపీల బహిష్కరణపై 2007లో ఇచ్చిన రాజారాంపాల్ తీర్పులోనూ ఇదే సూత్రాన్ని ఖాయం చేసింది. ఆ బహిష్కరణను మాత్రం సమర్థించింది.

పటేల్, పట్వారీలు పోయిన రోజు

ఈ సూత్రం పల్లె గడప దాకా వచ్చిన సందర్భం 1984లో ఎదురైంది. తెలంగాణ గ్రామాల్లో అప్పటివరకు పటేల్, పట్వారీల మాటే శాసనం. పహాణీ రాసేది, లెక్కలు భద్రపరిచేది పట్వారీ. శిస్తు వసూలు చూసేది మాలీపటేల్. శాంతిభద్రతలు పోలీసుపటేల్ చేతిలో ఉండేవి. వంశపారంపర్యంగా వచ్చిన ఈ ఏర్పాటులో ఎవరి భూమి ఎవరి పేరున ఎక్కాలన్నది ఒక్క కలంపోటుపై ఆధారపడేది.

1984 జనవరి 6న నందమూరి తారకరామారావు ప్రభుత్వం సలహా మేరకు గవర్నరు ఒక ఆర్డినెన్సు జారీచేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులన్నీ దాంతో రద్దయ్యాయి. ఆంధ్ర ప్రాంతంలోని కరణాలు, మునసబులు, తెలంగాణలోని పటేళ్లు, పట్వారీలు ఒక్కరోజులో మాజీలయ్యారు. సభ సమావేశంలో లేనప్పుడు, తక్షణం చర్య తీసుకోవాల్సిన అవసరం ఏర్పడినప్పుడు ఆర్డినెన్సు జారీచేసే అధికారం 213వ అధికరణ కింద గవర్నరుకు ఉంది. సభ తిరిగి సమావేశమైన ఆరు వారాలకు దాని గడువు తీరిపోతుంది. ఈలోగా చట్టం చేసుకోవాలి. గ్రామాధికారుల విషయంలో చట్టం వెంటనే రాలేదు. ఒకదాని వెంట ఒకటిగా ఆర్డినెన్సులే వచ్చాయి.

పదవులు కోల్పోయినవారు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. గవర్నరు తన బుద్ధిని ఉపయోగించకుండానే సంతకం చేశారన్నది వారి వాదనల్లో ఒకటి. సభ ఆమోదించని ఆర్డినెన్సు గడువు తీరాక పాత పదవులు తిరిగి ప్రాణం పోసుకోవాలన్నది మరొకటి.

టి.వెంకటరెడ్డి కేసుగా పేరుపడిన ఈ వ్యాజ్యంలో 1985లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం రెండు వాదనలనూ తోసిపుచ్చింది. ఆర్డినెన్సుకు చట్టంతో సమానమైన బలం ఉంటుందని, చట్టం చేయడంలో సభ ఉద్దేశాన్ని ఎలా ప్రశ్నించలేమో ఆర్డినెన్సు వెనుక ఉద్దేశాన్నీ అలాగే ప్రశ్నించలేమని స్పష్టం చేసింది. పదవుల రద్దు అప్పటికే పూర్తయిన చర్య అని, ఆర్డినెన్సు కాలం తీరినంత మాత్రాన అవి తిరిగి రావని తేల్చింది. కూల్చిన గోడ, కూల్చమన్న కాగితం చెల్లిపోగానే తనంతట తాను లేచి నిలబడదు కదా అన్న తర్కం వంటిదే ఇది. 1985లోనే శాసనసభ చట్టం చేయడంతో వివాదం ముగిసింది.

అదే ఏడాది కె.నాగరాజ్ కేసులోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 1983లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55 ఏళ్లకు తగ్గిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం హడావుడిగా జరిగిందన్న వాదన ముందుకొచ్చింది. హడావుడి ఒక్కటే చట్టాన్ని చెల్లకుండా చేయదని సుప్రీంకోర్టు పేర్కొంది.

2017లో మారిన గాలి

మూడు దశాబ్దాల తర్వాత ఈ అభిప్రాయంలో కొంత భాగాన్ని సుప్రీంకోర్టే సవరించుకుంది. బీహార్‌లో సంస్కృత పాఠశాలల స్వాధీనంపై 1989 నుంచి వరుసగా వచ్చిన ఆర్డినెన్సుల కేసులో 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. సభ ముందుకు వెళ్లకుండా అదే ఆర్డినెన్సును మళ్లీ మళ్లీ జారీచేయడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని మెజారిటీ న్యాయమూర్తులు స్పష్టం చేశారు. ఆర్డినెన్సును సభ ముందుంచడం తప్పనిసరి అని ప్రధాన తీర్పు పేర్కొంది. గడువు తీరిన ఆర్డినెన్సు ద్వారా కలిగిన ఫలితాలు వాటంతటవే శాశ్వతం కావని చెబుతూ, ఈ అంశంలో వెంకటరెడ్డి తీర్పు సరికాదని తేల్చింది. ప్రజాప్రయోజనం ఉందా, వెనక్కి తీసుకోలేని పరిస్థితి ఏర్పడిందా అన్నవి ఇకపై విడిగా చూడాల్సి ఉంటుంది. గవర్నరు నిర్ణయానికి తగిన ఆధారం ఉందా, వేరే దురుద్దేశం ఉందా అన్నది పరిమితంగా పరిశీలించవచ్చునని కూడా వివరించింది.

పటేల్, పట్వారీల పదవులు దీనివల్ల తిరిగి రాలేదు, వచ్చే వీలూ లేదు. కానీ ఇలాంటి నిర్ణయం భవిష్యత్తులో ఏ ప్రభుత్వం తీసుకున్నా, ఆర్డినెన్సుల మీద ఆర్డినెన్సులు పేర్చుకుంటూ కాలం గడపడం మునుపటంత సులువు కాదు.

రెండు మూజువాణి ఓట్లు.. ఒక రాష్ట్రం

తెలంగాణ ఏర్పాటు ఘట్టం ఈ చర్చలో అన్నింటికంటే ఆసక్తికరమైనది. మూడో అధికరణ ప్రకారం కొత్త రాష్ట్రం ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుది. బిల్లును ప్రవేశపెట్టే ముందు రాష్ట్రపతి దానిని సంబంధిత రాష్ట్ర శాసనసభకు అభిప్రాయం కోసం పంపాలి. 2013 డిసెంబరులో బిల్లు హైదరాబాద్‌కు వచ్చింది. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ, బిల్లును తిరస్కరిస్తూ నాటి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి పెట్టిన తీర్మానాన్ని మూజువాణి ఓటుతో ఆమోదించింది. ఆ తీర్మానం చెల్లదని తెలంగాణ ప్రాంత సభ్యులు మండిపడ్డారు.

ఫిబ్రవరి 13న లోక్‌సభలో బిల్లు ప్రవేశపెట్టిన రోజు మిరియాల స్ప్రే ఘటన దేశాన్ని నివ్వెరపరచింది. 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. లోక్‌సభలో మూజువాణి ఓటుతోనే పని పూర్తయింది. ఈసారి సీమాంధ్ర సభ్యులు పద్ధతి తప్పిందని ఆరోపించారు. అంటే హైదరాబాద్‌లో మూజువాణిని తప్పుబట్టిన పక్షం ఢిల్లీలో దానిని స్వాగతించింది, హైదరాబాద్‌లో స్వాగతించిన పక్షం ఢిల్లీలో తప్పుబట్టింది.

బిల్లు సభలో ఉండగానే సుప్రీంకోర్టుకు చేరిన పిటిషన్లను, ఇంకా సమయం రాలేదంటూ న్యాయస్థానం ఆ ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. మార్చి 1న రాష్ట్రపతి ఆమోదముద్ర వేశారు. చట్టాన్ని సవాలు చేస్తూ తర్వాత పిటిషన్లు దాఖలైనప్పటికీ అమలుపై స్టే రాలేదు. 2014 జూన్ 2న తెలంగాణ అవతరించింది.

రాష్ట్ర శాసనసభ తిరస్కరించినా పార్లమెంటు ఎలా ముందుకు వెళ్లిందన్న సందేహానికి 1959 నాటి బాబూలాల్ పరాటే తీర్పులో జవాబుంది. అది 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంపై వచ్చిన వ్యాజ్యం. నల్లగొండ సహా తెలంగాణ జిల్లాలు 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది ఆ చట్టంతోనే. బొంబాయి విషయంలో, శాసనసభ అభిప్రాయానికి పంపిన బిల్లులో మూడు విభాగాలుగా ఉన్న ప్రతిపాదనను పార్లమెంటు మార్చి ఒకే ద్విభాషా రాష్ట్రంగా చేసింది. మళ్లీ అభిప్రాయం కోరలేదు కాబట్టి చెల్లదని పిటిషనర్లు వాదించారు. అభిప్రాయం కోరడం తప్పనిసరి గానీ, ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనవసరం లేదని, సవరించిన ప్రతిసారీ తిరిగి పంపనవసరం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణను కలిపిన చట్టానికి వర్తించిన ఈ సూత్రమే తెలంగాణను విడదీసిన చట్టానికీ వర్తించింది. అభిప్రాయం కోసం పంపడమన్న రాజ్యాంగ మెట్టు 2013లో పూర్తయింది. మిగిలినదంతా సభ లోపలి వ్యవహారం.

మెట్టు దాటేస్తే పడిపోతుంది

రాజ్యాంగం చెప్పిన మెట్టును దాటవేస్తే ఏమవుతుందో సహకార సంఘాల ఉదంతం చెబుతుంది. ఎరువులకు, పంట రుణాలకు రైతులు గడప తొక్కే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల వంటి వాటికి సంబంధించి పార్లమెంటు 97వ రాజ్యాంగ సవరణ చేసింది. పాలకవర్గంలో 21 మందికి మించరాదని, పదవీకాలం అయిదేళ్లని అందులో ఉంది. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోని అంశం. రాష్ట్రాల అధికారాన్ని తాకే సవరణకు కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు సమ్మతి తెలపాలని 368వ అధికరణ నిర్దేశిస్తోంది. ఆ సమ్మతి తీసుకోలేదు. గుజరాత్ హైకోర్టు 2013లో దానిని కొట్టివేయగా, 2021 జులై 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఒకటికి మించిన రాష్ట్రాల్లో పనిచేసే సంఘాల మేరకు మాత్రం సవరణ నిలుస్తుందని మెజారిటీ న్యాయమూర్తులు పేర్కొన్నారు.

ఆ సవరణలోని అంశాలు మంచివా, చెడ్డవా అన్న చర్చే ఇక్కడ రాలేదు. పార్లమెంటులో ఎంత మంది సమర్థించారన్నదీ లెక్కలోకి రాలేదు. ఒక మెట్టు ఎక్కలేదు, అంతే. ఫిరాయింపుల నిరోధానికి చేర్చిన పదో షెడ్యూలులో కోర్టుల జోక్యాన్ని నిషేధించిన ఏడో పేరా కూడా రాష్ట్రాల సమ్మతి లేని కారణంగానే 1992లో కిహోటో హొల్లొహాన్ తీర్పుతో చెల్లకుండా పోయింది.

మరో మెట్టు ద్రవ్య బిల్లు. ఒక బిల్లును ద్రవ్య బిల్లుగా లోక్‌సభ సభాపతి ధ్రువీకరిస్తే దానిని తిరస్కరించే అధికారం రాజ్యసభకు ఉండదు. ఆ ధ్రువీకరణను ప్రశ్నించవచ్చా అన్నది ఆధార్ చట్టంతో తెరపైకి వచ్చింది. 2018లో మెజారిటీ న్యాయమూర్తులు ఆధార్‌ను ద్రవ్య బిల్లుగానే అంగీకరించారు. అయితే సభాపతి ధ్రువీకరణ న్యాయసమీక్షకు పూర్తిగా అతీతం కాదన్న అభిప్రాయాన్ని 2019 నవంబరులో రోజర్ మాథ్యూ తీర్పు బలపరచి, ద్రవ్య బిల్లు ప్రశ్నను ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించింది.

వర్గీకరణ.. ఇరవై ఏడేళ్ల నిరీక్షణ

2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వయిన నియోజకవర్గం నకిరేకల్. ఇక్కడి పాఠకులకు అత్యంత దగ్గరి ఉదాహరణ ఎస్సీ వర్గీకరణ. రెండు రకాల పరీక్షలూ ఈ ఒక్క అంశంలోనే ఎదురయ్యాయి.

జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ సిఫారసుల మేరకు 1997లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీలను ఏ, బీ, సీ, డీలుగా విభజిస్తూ జీవోలు ఇచ్చింది. 338వ అధికరణ ప్రకారం జాతీయ కమిషన్‌ను సంప్రదించలేదన్న కారణంతో హైకోర్టు అదే ఏడాది వాటిని కొట్టివేసింది. పడినది మెట్టు దగ్గర. తర్వాత 1999లో ఆర్డినెన్సు, 2000లో చట్టం వచ్చాయి. హైకోర్టు ఆ చట్టాన్ని సమర్థించినా, 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఇ.వి.చిన్నయ్య కేసులో కొట్టివేసింది. రాష్ట్రపతి ఉత్తర్వులోని షెడ్యూల్డు కులాలను విడదీసే అధికారం రాష్ట్రానికి లేదన్నది నాటి తీర్పు సారాంశం. ఈసారి పడినది సారం దగ్గర.

2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పంజాబ్ కేసులో 6-1 మెజారిటీతో చిన్నయ్య తీర్పును తోసిపుచ్చి, వర్గీకరణ అధికారం రాష్ట్రాలకు ఉందని ప్రకటించింది. జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ నివేదిక అనంతరం తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో చట్టం చేసింది. 59 కులాలను మూడు గ్రూపులుగా విభజించి 1, 9, 5 శాతం చొప్పున కేటాయించారు. ఏప్రిల్ 14 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. ఆ తొలి జీవోల నాడు పుట్టిన బిడ్డలు ఈలోగా చదువు ముగించి ఉద్యోగాల వయసుకు వచ్చారు. చట్టం ఎక్కడ తడబడినా దాని ఖరీదు కట్టేది ఇలాంటి కుటుంబాలే.

బిల్లు వేరు.. చట్టం వేరు

ఇప్పుడు తొలి ప్రశ్నకు తిరిగివస్తే, సభ ఆమోదించినంత మాత్రాన బిల్లు చట్టం కాదు. 200వ అధికరణ ప్రకారం గవర్నరు ఆమోదముద్ర వేయాలి, లేదా రాష్ట్రపతి పరిశీలనకు పంపాలి. బీసీలకు 42 శాతం కల్పించే బిల్లులను శాసనసభ 2025 మార్చిలో ఆమోదించింది. అవి రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లాయి. పంచాయతీరాజ్ చట్ట సవరణ బిల్లును సభ ఆగస్టు 31న ఆమోదించింది. ఈ ఆమోదముద్రలు రాకముందే సెప్టెంబరు 26న ప్రభుత్వం 9వ నంబరు జీవో ఇచ్చింది. బిల్లు చట్టం కాకుండానే జీవో ఎలా ఇస్తారని పిటిషనర్లు ప్రశ్నించారు. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం మించరాదన్న సుప్రీంకోర్టు తీర్పులనూ ఉటంకించారు. ఈ పరిమితి దృష్ట్యా హైకోర్టు స్టే ఇవ్వగా, అక్టోబరు 16న సుప్రీంకోర్టు ప్రభుత్వ పిటిషన్‌ను తోసిపుచ్చింది. 2025 డిసెంబరులో జరిగిన పంచాయతీ ఎన్నికలు పాత పరిమితికి లోబడే జరిగాయి.

మరి గవర్నరు బిల్లును అట్టిపెట్టుకుంటే గతేమిటి? తెలంగాణ ప్రభుత్వమే ఈ ప్రశ్నతో 2023లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 200వ అధికరణలోని ‘సాధ్యమైనంత త్వరగా’ అన్న మాటకు రాజ్యాంగపరమైన విలువ ఉందని ఆ ఏడాది ఏప్రిల్ 24న న్యాయస్థానం గుర్తుచేసింది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో ఇద్దరు న్యాయమూర్తులు గడువులు విధించారు. రాష్ట్రపతి అభిప్రాయం కోరడంతో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నవంబరు 20న, గవర్నరుకు గానీ రాష్ట్రపతికి గానీ న్యాయస్థానం గడువు విధించజాలదని, ఆమోదం లభించినట్లుగా భావించే విధానం చెల్లదని తెలిపింది. కారణం చెప్పకుండా సుదీర్ఘ కాలం మౌనంగా ఉంటే మాత్రం, నిర్ణయం తీసుకోవాలని పరిమితంగా ఆదేశించవచ్చునని పేర్కొంది. బిల్లు చట్టం కాకముందు దానిలోని అంశాలను న్యాయస్థానం పరిశీలించదని కూడా స్పష్టం చేసింది.

సామాన్యునికి దారేది

చట్టాన్ని కొట్టివేసే అధికారం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు మాత్రమే ఉంది. కింది కోర్టులో నడుస్తున్న సివిల్ దావాలో ఒక చట్టం చెల్లుబాటుపై అనుమానం తలెత్తి, దానిపైనే దావా ఫలితం ఆధారపడి ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 113వ సెక్షన్ కింద ఆ ప్రశ్నను హైకోర్టుకు నివేదించే వీలుంది. నేరుగా వెళ్లదలచినవారు 226వ అధికరణ కింద రిట్ పిటిషన్ వేయవచ్చు. చర్చ లేకుండా బిల్లు గట్టెక్కిందన్న ఒక్క ఫిర్యాదుతో వెళితే మాత్రం 212వ అధికరణ ఎదురవుతుంది.

అందువల్ల సభ పద్ధతికి అసలు కాపలాదారులు సభ్యులే. 119 స్థానాలున్న తెలంగాణ శాసనసభలో కోరం కావాలంటే కనీసం 12 మంది ఉండాలి. అంత తక్కువ మందితోనూ సభ నడవవచ్చు. కాబట్టి ఊరి ఎమ్మెల్యే ఆ రోజు సభలో ఉన్నారా, ఏం మాట్లాడారు, ఓట్ల లెక్కింపు కోరారా అన్నది ఓటరు అడగదగిన ప్రశ్న. నకిరేకల్ నుంచి ఆరుసార్లు గెలిచిన దివంగత నర్రా రాఘవరెడ్డి, పటేల్, పట్వారీల రద్దు నాటి శాసనసభలోనూ సభ్యుడే. సభలో తమ ప్రతినిధి గొంతును గమనించే అలవాటు ఈ ప్రాంతానికి కొత్త కాదు. న్యాయస్థానం ఆగిపోయే గడప దగ్గరే ఓటరు బాధ్యత మొదలవుతుంది.

ఏది నిలుస్తుంది.. ఏది నిలవదు

* మూజువాణి ఓటు, తక్కువ చర్చ, హడావుడి: సభ లోపలి వ్యవహారం. కేవలం ఈ కారణంతో చట్టం పడిపోదు.

* సభ ఉద్దేశం మంచిది కాదన్న ఆరోపణ: న్యాయస్థానం పరిశీలించదు.

* గవర్నరు లేదా రాష్ట్రపతి ఆమోదముద్ర లేని బిల్లు: అది చట్టమే కాదు.

* అవసరమైన రాష్ట్రాల సమ్మతి లేని రాజ్యాంగ సవరణ: ఆ మేరకు చెల్లదు.

* కొత్త రాష్ట్రం బిల్లుపై శాసనసభ అభిప్రాయం: కోరడం తప్పనిసరి, పాటించడం తప్పనిసరి కాదు.

* సభకు వెళ్లకుండా మళ్లీ మళ్లీ జారీచేసే ఆర్డినెన్సు: రాజ్యాంగాన్ని మోసగించడమే.

* ప్రాథమిక హక్కులకు భంగకరమైన, సభ అధికార పరిధి దాటిన చట్టం: సభ ఏకగ్రీవంగా ఆమోదించినా నిలవదు.